బాపు దవడకు తీసిన ఫొటోలు

అప్పటికింకా తెలంగాణ రాలేదు. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. బాపు, అంటే మా నాన్న, భూగర్భ గనిలో పనిచేసేవాడు. ఒక ఎండాకాలం ఆయన నోరు ఒక వేలు దూరేంత కన్నా ఎక్కువ తెరుచుకోవడం మానేసింది. అన్నం చిన్న చిన్న ముద్దలు చేసి లోపలికి తోసుకునేవాడు. చెవి ముందు అరచెయ్యి అదుముకుని కూర్చునేవాడే కాని, నొప్పి అని ఎవరితోనూ అనేవాడు కాదు.

గనిలో బీడీ ముట్టించకూడదు. అందుకని ఆయనా, తోటివాళ్లూ దవడన తంబాకు పెట్టుకునేవారు. దాంతో నోరు పట్టేసిందనగానే మా క్వార్టర్ల లైన్‌లో అందరికీ ఒకటే అనుమానం, క్యాన్సర్ అని. జబ్బుతో కార్మికుడు అన్‌ఫిట్ అయితే అతని కొడుక్కి కంపెనీలో నౌకరి వస్తుంది. నేను డిగ్రీ చదివి మూడేళ్లుగా ఖాళీగా తిరుగుతున్నాను. “ఇగ నీ పని అయినట్టే తియ్” అని పక్కింటి కాక నా భుజం తట్టాడు. ఆయన్ని తిట్టాల్సింది. తిట్టలేదు. నాకు సంతోషమే అయింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అయింది.

పళ్ల డాక్టరు ముందు తల చుట్టూ మిషన్ తిరిగే ఎక్స్‌రే తీయించాడు. ఎముక బాగానే ఉంది. నోట్లో గడ్డా లేదు, పుండూ లేదు. “ఎక్స్‌రేల ఎముకనే కనవడ్తది. కీలు నడుమ మెత్తటి బిళ్ల ఉంటది, అది చూడాల్నంటే ఎమ్మారై తీయాలె” అని కరీంనగర్ పంపాడు. లోపల ఇంకేదో బయటపడుతుందని నేను ఆశ వదల్లేదు.

అక్కడ నోరు మూసి కొన్ని, తెరిచి కొన్ని ఫొటోలు తీయాలి. మిషన్ ధడధడమనగానే మూసిన నోటి ఫొటోలన్నీ చెదిరిపోయాయి. టెక్నీషియన్ కోస్తా మనిషి. “బాబాయ్ గారూ, నోరు కదపకండి” అని రెండుసార్లు లోపలికెళ్లి చెప్పాడు. మూడోసారి నన్ను పంపాడు.

“ఎందుకు తెరుస్తున్నవ్ బాపూ?”

“సప్పుడైతే దానంతటదే తెరుసుకుంటున్నది బిడ్డా. షాట్ పేలేటప్పుడు నోరు తెర్వకుంటే చెవులు పోతయి గదా.”

గనిలో బొగ్గు పేల్చిన ప్రతిసారీ చేసిన పని అది, ఏళ్ల తరబడి అలవాటు. “ఇది బొగ్గు బాయి గాదు” అని కసురుకున్నాను. చివరికి టెక్నీషియన్ గడ్డం కింది నుంచి నెత్తి మీదికి ఒక గుడ్డ కట్టాడు. అట్లా ఎవరికి కడతారో నాకు తెలుసు. చూడలేక బయటికి వచ్చేశాను.

అక్కడి డాక్టరు ఆ ఫిల్ములను వెలుగుకు పెట్టి చూశాడు. “బిళ్ల ముందటికి జారింది. నోరు తెరిచినా ఎన్కకు వస్తలేదు, అందుకే పట్టేసింది. క్యాన్సర్ గాదు. పళ్లకు తొడుగు పెట్టుకోని, మెత్తగ తినుకుంట, నేను చెప్పే కసరత్తు చెయ్యి. డ్యూటీకి పోవచ్చు.” బాపు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నా మొఖం ఎట్లా ఉందో నాకు తెలియదు, ఆయన మాత్రం చూశాడు.

ఇంటికి వచ్చే బస్సు పెద్దపల్లి దాటాక బాపు నా మోకాలి మీద చెయ్యి వేసి, తప్పు చేసినవాడిలా మెల్లగా అన్నాడు.

“ఫికరు చెయ్యకు బిడ్డా. నాకింక ఎనిమిదేండ్ల సర్వీసున్నది. ఇంకేదన్న రోగం రాకపోతదా.”