పిల్లికి ఇసుక

గవర్రాజు ఇంట్లో పిల్లి మళ్లీ మంచం తడిపిన రోజున భద్రమ్మ పని ఊడిపోబోయింది.

గవర్రాజు ఇనుప ఖనిజం గనిలో ఇంజనీరు. ఆయన పిల్లి దొడ్డికి పోయే మట్టి విశాఖ నుంచి రైల్లో సంచుల్లో వచ్చేది. వానలకు కొండచరియ విరిగి పట్టాల మీద పడింది, రైలు ఆగిపోయింది, తొట్టి ఖాళీ అయింది. ఆయన భార్య రాజేశ్వరి తడిసిన దుప్పటి భద్రమ్మ కాళ్ల దగ్గర పడేసి, రేపటికి ఏదో ఒకటి పట్టుకురా, లేకపోతే నువ్వూ రావద్దు అంది.

భద్రమ్మది కిష్టారం. పంట పోయిన ఏడు మొగుడి వెంట గనుల దగ్గరికి వచ్చింది. మొగుడు ఆ దుమ్ములో దగ్గి దగ్గి పోయాడు. కూతురు కాన్పులో పోయింది. మిగిలింది మనవరాలు దేవే ఒక్కతే. టౌన్‌షిప్ దిగువన వాగు ఒడ్డున వాళ్ల గుడిసె. కొంతకాలంగా దేవే కడుపు పట్టుకునే లేస్తోంది, తిన్నది నిలవడం లేదు. బస్తీలో సూదులేసే మనిషి నులిపురుగులన్నాడు. పూజలు చేసే వడ్డె, గాలి సోకిందని కోడిని కోయించాడు. ఏదీ పని చేయలేదు. ఈ ఇంటి పని పోతే పిల్లకు గంజి కూడా ఉండదు.

ముందు వడ్రంగి దగ్గర రంపపు పొట్టు అడిగి తెచ్చింది. పిల్లి మూతి పెట్టి వాసన చూసి వెళ్లిపోయింది. బూడిద పోస్తే తుమ్మి, అవే కాళ్లతో సోఫా ఎక్కింది. రాజేశ్వరి చేత నానా మాటలూ పడి ఇంటికి వచ్చిన భద్రమ్మ, చెలమ పక్కన తట్టెడు ఇసుక ఎత్తింది. వాగు నీళ్లు ఎర్రగా పారతాయి కాబట్టి బస్తీ వాళ్లు ఒడ్డున ఇసుకలో ఇలా చెలమ తోడి, ఊరిన నీళ్లను గుడ్డలో వడగట్టి తాగుతారు. ఆ ఇసుకనే జల్లించింది, రాళ్లు ఏరింది, పెనం మీద వేయించి తడి ఆర్చింది. తన బియ్యం కూడా ఏనాడూ అంత ఓపికగా ఏరుకోలేదు.

మర్నాడు ఆ ఇసుక పోస్తే పిల్లి తొట్టిలోకి దిగి, గోళ్లతో గుంట తీసి, పని కానిచ్చి, కప్పెట్టింది. రాజేశ్వరి నవ్వి, భద్రమ్మకు టీ ఇచ్చింది.

డ్యూటీ నుంచి వచ్చిన గవర్రాజు గచ్చు మీద ఎర్రటి పాదాల గుర్తులు చూశాడు. తొట్టిలో వేలు పెట్టి నలిపాడు.

"ఎక్కడిదిది?"

"మా వాగుదే సారూ."

"పారెయ్. ప్లాంటులో ఖనిజం కడిగిన నీళ్లన్నీ అందులోకే పోతాయి. పిల్లి కాళ్లు నాకుతుంది కదా, కడుపులోకి వెళ్తే పాడైపోతుంది."

భద్రమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"మేం తాగేది ఆ చెలమ నీళ్లే సారూ."

అలా ఏం కాదులే అంటాడేమోనని చూసింది. అది అబద్ధమైనా ఆ క్షణానికి చాలేది. గవర్రాజు వేలు తుడుచుకున్నాడు.

"మీకు అలవాటైపోయి ఉంటుంది," అన్నాడు. తనకు ఇంతకాలంగా తెలిసిన సంగతిని, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పి లోపలికి పోయాడు.

రోజూ పొద్దున్నే గుడ్డ కట్టి, ముంచి, దేవే నోటికి అందించింది తన చెయ్యే. పిల్ల వద్దన్నా, తాగితే కడుపులో మంట తగ్గుతుందని బలవంతం చేసిందీ తనే.

తొట్టిని పెరట్లో కుమ్మరించింది. పనికి రోజూ తెచ్చుకునే సత్తు బిందెను వంటింటి కుళాయి కింద పెట్టి తిప్పింది. ఎవర్నీ అడగలేదు.

నీళ్ల చప్పుడుకు రాజేశ్వరి వచ్చింది.

"ఏంటిది భద్రమ్మా? ట్యాంకు నీళ్లు మాకే చాలడం లేదు."

"పిల్లికి లేని అలవాటు నా మనవరాలికెట్ల ఉంటదమ్మా?"

రాజేశ్వరి మొగుడి గది వైపు చూసింది. కుళాయి మాత్రం కట్టలేదు. బిందె నిండింది. భద్రమ్మ బిందె ఎత్తి చంకన పెట్టుకుని, పిల్లి అడ్డం వస్తే పక్కకు తప్పుకుని, దిగువకు నడిచింది.