మూడు కళావర్లు

పేకాటలో మా బావ ఎప్పుడూ నా ఎదురు కుర్చీలోనే కూర్చునేవాడు. బావంటే మా అక్క మొగుడు, ఉద్దానంలో కొబ్బరీ జీడీ తోటలున్న రైతు. నాది కాశీబుగ్గలో మందుల షాపు. ఇది తొంభైల చివరి సంగతి. ఆదివారం మధ్యాహ్నం షాపు కట్టేసి క్లబ్బుకు పోయేసరికి బావ బస్సు దిగి అక్కడ సిద్ధంగా ఉండేవాడు. అందరూ రమ్మీ ఆడుతుంటే మేం నలుగురమే బ్రిడ్జి ఆడేవాళ్లం. పలాసలో పనిచేసి బదిలీ అయిపోయిన రైల్వే ఆయనెవరో అంటించి పోయిన పిచ్చి అది. డబ్బుల్లేని పేకాట ఉప్పులేని కూరని రమ్మీవాళ్లు ఎగతాళి చేసేవారు.

బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ముక్కలు చూపించకూడదు. వేలంపాటలా పాడే పాటలోనే చేతిలో ఏముందో చెప్పుకోవాలి. బావ "ఒక ఆటీను" అని మొదలుపెడతాడు. పక్కవాడు అడ్డొచ్చి "రెండు కళావర్లు" అంటాడు. నా దగ్గర ఆటీన్లుండి చెయ్యి నీరసమైతే "మూడు ఆటీన్లు" అని ఊరుకుంటాను. చెయ్యి బలంగా ఉంటే మాత్రం ఆ పక్కవాడి రంగునే ఎత్తుకుని "మూడు కళావర్లు" అంటాను. నాకు కళావర్లున్నాయని కాదు. నీ ఆటీన్లకు నా దగ్గర గట్టి ఆసరా ఉంది, ఎందాకా పోదామో నువ్వు చెప్పు అని. బావ చెయ్యి అంతంతమాత్రమైతే మూడు ఆటీన్ల దగ్గర ఆగాలి, బాగుంటే నాలుక్కి పోవాలి. పాస్ అనడం మాత్రం కుదరదు. అన్నాడా, లేని కళావర్లతో నేను ఆడి చావాలి.

ఈ పద్ధతి పెట్టింది బావే. నేనెప్పుడైనా తడబడితే వారం పొడుగునా సాధించేవాడు.

ఒక ఎండాకాలం ఆదివారం నేను "మూడు కళావర్లు" అన్నాను. బావ తన ముక్కలకేసి చాలాసేపు చూసి "పాస్" అన్నాడు. కళావర్లు పాడినాయన నవ్వాపుకుంటూ తనూ పాసన్నాడు. చిత్తుగా ఓడిపోయాను. ముక్కలు బల్లకేసి కొట్టి, "ఏటి బావా, నిద్దరోతన్నావా?" అన్నాను.

తిరిగి తిడతాడనుకున్నాను. "ఏటోరా, బుర్ర పన్జెయ్యట్నేదు" అన్నాడంతే.

పడిపోయిన ముక్క కోసం వంగితే బల్ల కింద బావ పాదాలు కనిపించాయి. చెప్పులు విప్పేసి ఉన్నాడు. పాదాలు ఉబ్బి, చెప్పు పట్టీల అచ్చు చర్మం మీద గుంటలా నిలిచిపోయింది. మందుల షాపువాడికి ఆ పాదాల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఉద్దానం నుంచి అలాంటి పాదాలు రోజూ నా మెట్లెక్కేవి. కొన్నాళ్లకు కొన్ని రావడం మానేసేవి. అంతకుముందు బావ ఒళ్లునొప్పుల బిళ్లలు అడిగితే, కిడ్నీలకు చెరుపని నేనివ్వనన్నాను. పక్క షాపులో కొనుక్కుంటున్నాడని తర్వాత తెలిసింది.

బస్టాండుకు నడుస్తూ, "రేపు రక్తం టెస్టుకెల్దాం" అన్నాను.

"పాస్" అని నవ్వాడు.

"నేనెత్తితే నువ్వు పాసనకూడదు. నువ్వెట్టిన రూలే."

"అది పేకాటరా. మా ఊల్లో టెస్టు సేయించుకున్నోడు పేషెంటు, సేయించుకోనోడు రైతు. నన్నింకొన్నాల్లు రైతుగా ఉండనీ."

నాకు ఒళ్లు మండింది. అక్కకు చెప్పేశాను. అక్క అన్నం మానేసి కూర్చున్నాక గానీ బావ కదల్లేదు. విశాఖపట్నంలో డాక్టరు కాగితాలు చూసి, కాస్త ముందొచ్చుంటే బాగుండేదన్నాడు. ఆ మాటంటే నాకు అసహ్యం. ఉద్దానం వాళ్లెవరొచ్చినా అదే అంటారు. ముందొచ్చినవాళ్లకు ఏం ఒరిగిందో మాత్రం చెప్పరు.

ఆ తర్వాత బావకు రైలూ, డయాలసిస్సూ, మంచమూ మిగిలాయి. మాతో ఆడిన మిగతా ఇద్దరూ రమ్మీలో చేరిపోయారు. ఆదివారాలు నేనే బావ ఊరికి పోయి, మంచం మీద నాలుగు చేతులూ పంచి, పక్కవాళ్ల పాట కూడా నేనే పాడేవాణ్ణి. బావ ముఖంలో కళ తగ్గిపోవడం వారం వారం చూడాల్సి వచ్చేది. వెళ్లకుండా ఉండలేను, చూడలేను.

ఆఖరి ఆదివారం ముక్కలు పట్టుకునే ఓపిక కూడా లేకపోతే అక్క పక్కన కూర్చుని పట్టుకుంది. "ఒక ఆటీను" అన్నాడు. పక్కవాడి బదులు "రెండు కళావర్లు" అన్నాను. నా వంతుకు "మూడు కళావర్లు" అన్నాను. రెండోవాడి బదులు పాసన్నాను. బావ కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తెరవలేదు. పాసంటాడేమోనని నాకు భయమేసింది.

"పడుకున్నాడేమోరా" అంది అక్క.

"నేదు" అన్నాడు బావ. "నాలుగు ఆటీన్లు. నువ్వే ఆడు, నే సూత్తాను."

అని, నిజంగానే నిద్రలోకి జారిపోయాడు. అక్క చేతిలోంచి ముక్కలు తీసుకుని చూశాను. ఒక రాజు, ఒక జాకీ, మిగతావన్నీ చిల్లర ముక్కలు. నాలుగు ఆటీన్ల మాట అటుంచి, అసలు పాట మొదలుపెట్టడానికే ఆ చేతిలో బలం లేదు. ఏమీ లేని చేత్తో మొదలుపెట్టి, నన్ను కళావర్లలో వదిలెయ్యడం ఇష్టం లేక అందాకా వచ్చాడు.

అక్కకు పేకాట రాదు. నా ముఖంలోకి చూసి, "ముక్కలు మంచియ్యేనా? మీ బావ గెలుత్తాడా?" అనడిగింది.

"గెలుత్తాడక్కా" అన్నాను.