కనకమ్మ గారి అరచెయ్యి

మా స్పందన ఏం ఉద్యోగం చేస్తుందో వాళ్ళమ్మకు అర్థమయ్యేలా చెప్పడం ఆ బ్రహ్మతరం కూడా కాలేదు. మాట్లాడే స్పీకర్ మీద వేలితో తడితే ఏమవాలి, నిమిరితే ఏమవాలి, అరచెయ్యి ఆనిస్తే ఏమవాలి అని నిర్ణయించడం స్పందన పని. "గిదానికి జీతమిస్తరా?" అని కనకమ్మ గారు నోరు తెరిచారు. చైతన్యపురిలో దానితో ఒకే గదిలో ఉంటూ ఒకే ఆఫీసుకు పోయే నాకూ అప్పుడప్పుడు అదే అనుమానం.

పోచంపల్లిలో మగ్గం వదిలి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేసి, మీర్‌పేటలో రెండు గదులు కట్టుకున్న మనిషి స్పందన వాళ్ళ నాన్న గుండయ్య గారు. నిరుడు పోయారు. మగ్గం మీద కూర్చుని ఆయన పాడుకున్న పాటలు ఒక పాత క్యాసెట్‌లో మిగిలాయి. స్పందన వాటిని కొత్త స్పీకర్‌లోకి ఎక్కించి, నన్ను వెంటబెట్టుకుని మీర్‌పేట వెళ్ళి అమ్మ దగ్గర పెట్టింది. అమ్మ ఆ గొంతు చెవులారా వింటే చాలు, దానికి ఇంకేమీ అక్కర్లేదు.

కనకమ్మ గారికి ఒక అలవాటు. ఎక్కే బస్సైనా, వెలిగించే స్టవ్వైనా ముట్టుకుని కళ్ళకద్దుకోవాల్సిందే. భర్త గొంతు వినబడగానే స్పీకర్‌కూ అరచెయ్యి ఆనించారు. పాట ఠక్కున ఆగింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ మొక్కారు, మళ్ళీ ఆగింది. అరచెయ్యి ఆనిస్తే ఆగాలని నిర్ణయించింది ఎవరు? మా మహాతల్లే! కనకమ్మ గారు నవ్వి ఊరుకున్నారు. స్పందన మాత్రం తిరుగు మెట్రోలో నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది.

మర్నాడు ఆఫీసులో మా మేనేజరు చక్రపాణి గారితో పోట్లాటకు దిగింది.

"స్పీకర్‌కి దణ్ణం పెట్టేవాళ్ళు ఎంతమందుంటారమ్మా?" అన్నారాయన.

"మా ఇండ్లల్ల అందరు పెడ్తరు సార్."

మాది తెనాలి. మా అమ్మ మిక్సీకి బొట్టు పెడుతుందని నేనూ వంత పాడాను. ఆయన చివరికి దిగొచ్చారు. ఇక చెయ్యి ఆనించినా పాట ఆగదు. రెండు వేళ్ళతో నొక్కిపడితేనే ఆగుతుంది.

ఆదివారం ఎల్బీనగర్‌లో మెట్రో దిగి, ఆటోలో మీర్‌పేట వెళ్ళాం. పాట మొదలైంది. కనకమ్మ గారు చెయ్యి ఆనించి కళ్ళకద్దుకున్నారు. పాట సాగుతూనే ఉంది. స్పందన ముఖం వెలిగిపోయింది. ఆవిడ మళ్ళీ ఆనించారు. పాట ఆగలేదు. నెమ్మదిగా చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏందమ్మా, మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది బిడ్డా. మీ నాయిన మగ్గం మీద పాడుకుంటుంటే, నేను చాయ్ తీస్కపోయి భుజం మీద చెయ్యేస్తే చాలు, సిగ్గుతోటి పాట ఆపుతుండె. మొన్న గట్లనే ఆపిండు. ఇంట్లనే ఉన్నడనుకున్న."

స్పందన కళ్ళు తుడుచుకుని, లాప్‌టాప్ తెరిచి, ఆ ఒక్క స్పీకర్‌కు పాత పద్ధతే పెట్టింది. కనకమ్మ గారు చెయ్యి ఆనించారు. పాట ఆగిపోయింది. ఆవిడ చెయ్యి తియ్యలేదు.