పెట్టెలో చచ్చినవాళ్ళు లేచేవారు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకు వందనాలు. నేను ఈరోజు మెత్తగా మాట్లాడలేను, ముందే చెబుతున్నాను, ఎందుకంటే నా సాక్ష్యం కోపంతో మొదలైంది, ఆ కోపం ఇంకా పోలేదు. పోయింది కల్లు. మన ఆర్మూర్ కల్లు దుకాణం ముందు నేను పడి ఉంటే చూసీ చూడనట్టు దాటిపోయినవాళ్ళు ఇక్కడ చాలామందే కూర్చున్నారు.

ఇప్పుడు నేను విమానం నడుపుతున్నాను. అంతకుముందు, జర్మనీ యుద్ధం రోజుల్లో, బేగంపేటలో పైలట్లు కాబోయేవాళ్ళకు నేల మీదే పాఠం చెప్పేవాణ్ణి. రెక్కలూ తోకా అతికించిన చెక్క పెట్టె ఒకటి ఉండేది, అది నేల వదలదు కానీ విమానంలాగే వాలుతుంది, తిరుగుతుంది, లోపల మనిషిని కూర్చోబెట్టి మూత వేస్తే అతనికి మబ్బులో ఉన్నట్టే, ఎదురుగా మీటర్ల ముళ్ళు తప్ప ఏమీ కనబడదు. మబ్బులో ఒళ్ళు అబద్ధం చెబుతుంది, విమానం తిన్నగా పోతున్నా ఒరిగిపోతున్నట్టు అనిపిస్తుంది, అప్పుడు ముల్లునే నమ్మాలి. నేను బయట బల్ల దగ్గర కూర్చుని ఎటు తిప్పాలో ఫోన్‌లో చెబుతుండేవాణ్ణి. ఒంటి మాట విన్నవాడు పెట్టెలోనే, మీటర్ల లెక్కలో, కూలిపోయేవాడు. నేను మూత తీస్తే నవ్వుకుంటూ లేచి వచ్చి చాయ్ తాగేవాడు. రోజూ ఎవరో ఒకరు చచ్చేవారు, రోజూ లేచేవారు.

అందరికంటే ఎక్కువగా చచ్చినవాడు విఠల్. మన పసుపు బజారులో కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం వాళ్ళ పిల్లవాడు, ఊరివాణ్ణని నన్ను అన్నా అని పిలిచేవాడు. "అన్నా, నా పానమేమో ఒరుగుతున్న అంటది, ముల్లేమో లేదంటది, ఎవల్ని నమ్మాలె?" అని పెట్టెలోంచి అడిగేవాడు. ముల్లునే నమ్మాలిరా అని ఎన్నిసార్లు చెప్పినా మూత పడగానే వాడికి భయం పట్టుకునేది. వీణ్ణి ఇప్పుడే మబ్బుల్లోకి పంపకూడదని నేను రాసిచ్చాను. మా పై అధికారి, ఒక ఇంగ్లీషు దొర, పైలట్లు చాలడం లేదు, పైకి పోతే వాడే నేర్చుకుంటాడని నా మాట కొట్టేసి సంతకం పెట్టాడు. వానాకాలం మబ్బులో విఠల్ కూలిపోయాడు. మూత తీయడానికి నేను అక్కడ లేను.

పని వదిలేసి ఊరికి వచ్చాను. విఠల్ తల్లి మా ఇంటికి వచ్చి గడపలో కూర్చుంది. "నువ్వే నేర్పినవంట గద బిడ్డా, మరి గట్లెట్ల పడ్డడు?" అని అడిగింది. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఆదివారం ఈ మందిరంలోనే ఒక పెద్దమనిషి నా భుజం తట్టి, అంతా దేవుని చిత్తం అన్నాడు. "దేవుని చిత్తం గాదు, దొర సంతకం!" అని నేను అరిచాను, మీరు నన్ను బయటికి పంపారు, నేను తిన్నగా కల్లు దుకాణానికి పోయాను. ప్రభువా, నా చెక్క పెట్టెలో చచ్చినవాళ్ళు లేస్తారు, నీ లోకంలో ఎందుకు లేవరు అని తాగుతూ అడిగేవాణ్ణి. నా కోపం పోవాలని మీరందరూ ప్రార్థన పెట్టారు, అది విని నాకు ఇంకా మండింది.

ఒకరోజు మా అమ్మ పసుపు ఉడకబెట్టే పొయ్యి దగ్గర నుంచి లేచి, ఒంటి నిండా పొగ వాసనతో దుకాణానికి వచ్చి, అందరి ముందూ నా పక్కన నేల మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన చేసింది. "ప్రభువా, వీని కోపం తీస్కపోకు. గది నిజమైన కోపమే. కల్లుల నుంచి గుంజి దాన్ని జర పనిల పెట్టు."

సహోదరులారా, నా కోపాన్ని నిజమని ఒప్పుకున్న మొదటి మనిషి ఆమె! నేను అక్కడే వెక్కివెక్కి ఏడ్చాను, అమ్మతో ఇంటికి పోయాను, మళ్ళీ ఆ దుకాణం గడప తొక్కలేదు, దేవునికే మహిమ. తర్వాత బేగంపేటకు పోయి విమానం నడపడం నేర్చుకున్నాను, యుద్ధం ముగిశాక ఒక విమానాల కంపెనీ నన్ను పైలట్‌గా తీసుకుంది.

మొన్నటి వానాకాలంలో ప్రయాణికులు ఎక్కి కూర్చున్నారు, ఎదురుగా నల్లటి మబ్బు, విమానం ఒరిగిందో లేదో చెప్పే ముల్లేమో తట్టితే తప్ప కదలడం లేదు. కంపెనీ మేనేజరు కాగితం ముందు పెట్టి, ఆలస్యమవుతోంది, సంతకం పెట్టి బయలుదేరు అన్నాడు. మళ్ళీ సంతకం! నా ఒళ్ళంతా మండిపోయింది. ఉద్యోగం ఊడుతుందని బెదిరించాడు. పెట్టనంటే పెట్టనని అందరినీ దింపేశాను. "గీయనేం పైలటయ్యా, మబ్బు జూస్తేనే వణుకుతుండు" అని నిజామాబాద్ పసుపు వ్యాపారి ఒకాయన అందరూ వినేలా తిట్టాడు. తర్వాత మెకానిక్ ఆ మీటరు విప్పి చూసి, ఇది మబ్బులో పనిచేసేది కాదని తేల్చాడు. అప్పటికి ప్రయాణికులంతా షెడ్డు కింద కూర్చుని నన్ను తిట్టుకుంటూ చాయ్ తాగుతున్నారు. ఆ తిట్లు వింటూ నేను గోడ వైపు తిరిగి ప్రభువుకు కృతజ్ఞత చెప్పుకున్నాను.

నిన్న విఠల్ తల్లి దగ్గరికి పోయి, గట్లెట్ల పడ్డడని ఆమె అడిగినదానికి జవాబు చెప్పాను, దొర సంతకంతో సహా అన్నీ చెప్పాను. ఆమె చాలాసేపు నా చేయి పట్టుకునే ఉంది.

మీలో ఎవరికైనా అన్యాయం జరిగి గుండె మండుతుంటే, దాన్ని కల్లులో పోయకండి, దేవుని చిత్తమని మూత పెట్టకండి, మండుతున్నదాన్ని మండుతున్నట్టే యేసయ్య దగ్గరికి తెండి, ఆయన దానికి పని చూపిస్తాడు. విఠల్ మీద పడిన మూత ఇంకా తెరుచుకోలేదు. తెరిచేవాడు ఒక్కడున్నాడు, ఆయన వచ్చేదాకా నేను తప్పుడు సంతకం పెట్టను. ఆమేన్.