సుత్తి మీద నా సంతకం

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఆ ధైర్యమే ఉంటే ఇదంతా కోర్టులోనే చెప్పి ఉండేవాణ్ణి.

మార్కాపురానికి కాస్త ఇవతల, రోడ్డు పక్క ఊరు మాది. ఊరి పేరు వద్దు. రోడ్డుకు ఈ పక్క నా హార్డ్‌వేర్ దుకాణం, ఆ పక్క పోలీస్ స్టేషన్. కేసులో ఏ వస్తువు దొరికినా, తమ ఎదుటే దొరికిందని ఇద్దరు ఊరివాళ్లు పంచనామా మీద సంతకం చేయాలి. దగ్గర్లో ఉన్నది నేను కదా, కాగితాలు నా బల్ల మీదికే వచ్చేవి. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, అడిగేవాణ్ణి కాదు. బేరాల మధ్య గీకి పంపేవాణ్ణి. వస్తువుకు అంటించే చీటీల మీద కూడా అంతే, ఖాళీగా ఉండగానే. నా లోడు లారీ రోడ్డుకు అడ్డంగా నిలబడితే వాళ్లు చూసీ చూడనట్టు పోవాలి కదా. పైగా స్టేషన్‌లో నా పలుకుబడి చూసుకుని లోలోపల మురిసిపోయేవాణ్ణి కూడా.

అలాంటి రోజుల్లోనే ఒకసారి పలకల ఫ్యాక్టరీ మేస్త్రీ తల ఎవరో వెనకనుంచి పగలగొట్టారు. మనిషి బతికాడు గానీ, కొట్టిందెవరో చూడలేదు. ఆ రోజే అతడితో గొడవపడ్డ కూలి ఏసోబును పట్టుకుపోయారు. ఆ సాయంత్రం ఏసోబు తాగి ఉన్నాడు. ఎక్కడ పడిపోయాడో అతడికే సరిగా తెలియదు. మూడో రోజు ఒక కానిస్టేబుల్ వచ్చి నా దగ్గర సుత్తి కొన్నాడు. మర్నాడు సంతకాలకు కాగితాలు, చీటీలు వచ్చాయి. పెట్టాను. ఆ రెండూ కలిపి చూడాలని నాకు తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా?

ఛార్జిషీటు వేశారు. కోర్టులో అభియోగం చదివి వినిపిస్తే, తాను చేయలేదన్నాడు ఏసోబు. దాంతో విచారణ మొదలైంది. నాకు సమన్లు వచ్చాయి.

బోనులో సుత్తి నా చేతికిచ్చారు. చీటీ మీద నా సంతకం. పిడి అడుగున, ధర గుర్తుకని ప్రతి సరుకు మీదా నేను రాసుకునే రెండక్షరాలు. అదీ నా రాతే. ఆ రకం సుత్తి నేను అమ్మింది ఒక్కటే, ఆ కానిస్టేబుల్‌కు. ఏసోబు ఇంటి వెనక రాళ్లకుప్పలో దొరికిందంటున్న సుత్తి, నేను పోలీసుకు అమ్మిన సుత్తి!

నిజం చెబితే ఏమవుతుంది? ఖాళీ చీటీల మీద సంతకాలెందుకు పెట్టావని నన్నే పట్టుకుంటారు, ఇంకెన్ని కేసుల్లో పెట్టావని తవ్వుతారు, ఒకవేళ వదిలేసినా సాయంత్రం మళ్లీ ఆ స్టేషన్ ఎదుటే నేను షట్టరు తీయాలి. నాకు భయమేసింది. నీ ఎదుటే దొరికిందా అని అడిగారు. అవునన్నాను. ఏసోబు లాయరు తిప్పి తిప్పి అడిగాడు. ఒక్కసారీ తడబడలేదు. అబద్ధం నాకు అంత సాఫీగా వస్తుందని అంతకుముందు తెలియదు.

సాక్షులందరూ అయ్యాక, ఈ సాక్ష్యానికి ఏమంటావని జడ్జి గారు ఏసోబును అడిగారట. "గుర్తులేదయ్యా" అన్నాడట. మూడేళ్ల శిక్ష పడింది.

అతడు విడుదలైన నాటినుంచి దుకాణం గుమ్మంలో నీడ పడితే చాలు, అతడేనేమోనని తలెత్తి చూసేవాణ్ణి. వస్తాడు, నిలదీస్తాడు, ఏదో ఒకటి చేస్తాడు అనుకుంటూ బతికాను. నిన్న పొద్దున నిజంగానే వచ్చాడు. మేకులు కావాలన్నాడు. తక్కెడలో మేకులు పోశాను.

"నా మీద కోపమా ఏసోబూ?" అని అడిగేశాను.

"నీ మీదెందుకన్నా? అబద్ధం చెప్పే మనిషివా నువ్వు? నా ఇంటెనకే దొరికిందని నువ్వు చెప్పినావంటే, నేనే కొట్టింటాలే. తాగినోడికి ఏం గుర్తుంటాది? జైల్నుంచి రాంగానే పోయి మేస్త్రీ కాళ్లు పట్టుకొని వచ్చినా. మందు గూడా మానేసినా."

పొట్లం కట్టి ఇచ్చాను. అతడు నన్ను కొట్టినా బాగుండేది.

మేస్త్రీని అతడు కొట్టాడో లేదో నాకు తెలియదు. ఇప్పుడు అతడికీ తెలియదు. తన గురించి తనకు తెలియాల్సిన సంగతిని కూడా నా మాట మీద నమ్మేశాడు. ఇన్నాళ్లూ అతడు నన్నేం చేస్తాడోనని భయపడ్డాను. నేను అతణ్ణి ఏం చేశానో చూసి నిన్నటినుంచి భయపడుతున్నాను.

ఆ సుత్తి ఏసోబుది కాదు. రాసేశాను. సిగ్గులేకుండా కాస్త ఊపిరి ఆడుతోంది కూడా. మేకులు చాలకపోతే రేపు మళ్లీ వస్తానన్నాడు. వస్తే ఈ మాట చెబుతానా అని అడగకండి. చెప్పనేమోనని నాకు భయంగా ఉంది.