మిరప కళ్లంలో మోడెం

ఉచితంగా వచ్చేదాని మీద ఎగబడి కొంప ఎలా కొల్లేరు చేసుకోవాలో నేర్చుకోదలిచినవారు నా దగ్గరకు రండి. ఆ విద్యలో ఆరితేరినవాణ్ని. ఫీజు కూడా తీసుకోను.

కొత్తగా పెళ్లయిన రోజులు. నా భార్య సుజాత మా మేనమామ కూతురే. గురజాల దగ్గర వాళ్ల ఊళ్లో ఉండగా, ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగానికి ఆమెను ఇంటర్వ్యూకి పిలిచారు. వీడియోలో మాట్లాడాలి. ఆ కబురు వచ్చినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే నాకు జ్ఞానోదయమై, ఆమె లాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచేసి ఊరికే దొరికే లినక్స్ సిస్టం ఎక్కించాను. ఓపెన్ సోర్స్ గొప్పదనం గురించి ఉపన్యాసం కూడా దంచాను. అంతా విని ఆమె అడిగింది ఒక్కటే.

"నెట్ వస్తదా బావా?"

"రాక ఏం చేస్తది?"

రాలేదు. ఇంటర్వ్యూ రోజు పొద్దున నెట్ కోసం లాప్‌టాప్‌కు మోడెం గుచ్చితే, సిస్టం దాన్ని మోడెమని ఒప్పుకోలేదు. సీడీ బొమ్మ ఒకటి చూపించి ఊరుకుంది. దాన్ని మోడెంగా మార్చే ప్రోగ్రాం ఒకటుందని ఎక్కడో చదివాను. అదెక్కడ దొరుకుతుంది? నెట్‌లో. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నారు పెద్దలు. నాకు పెళ్లయితే అయింది గానీ, పిచ్చి మాత్రం కుదరలేదు.

తప్పంతా సిగ్నల్ మీదకు నెట్టి, అందరం మామ మిరప కళ్లానికి చేరాం. అక్కడి నుంచి టవర్ కనపడుతుంది. మామ పట్టాల మీద ఆరబోసిన కాయలు తిరగేస్తూ నా వైపు చూశాడు.

"ఏందిరా అల్లుడూ, ఇంకా రాలా?"

"వస్తది మామా. అది సీడీ అనుకుంటా ఉంది."

"అనుకోనీయమాక. నాలుగు తగిలించు."

"ఇదేమన్నా ఎద్దా మామా?"

"ఎద్దయితే ఈపాటికి చేను దున్నేసుండేది గదరా!"

సుజాత నవ్వలేదు. మంచి చీర కట్టుకొచ్చి, నా చేతుల వైపే చూస్తూ కూర్చుంది.

"టైమయింది బావా."

"ఒక్క నిమిషం."

"పొద్దుట్నుంచీ అదే నిమిషం చెప్తన్నావు."

ఒళ్లు మండి ఆ సీడీ బొమ్మను 'ఎజెక్ట్' కొట్టి బయటికి గెంటాను. అంతే! సీడీ వేషం తీసేసి మోడెం లైటు వెలిగించింది. కొందరు అల్లుళ్లలాగా, గెంటితే గానీ దారికొచ్చే రకం కాదది. నేను ఎగిరి గంతేశాను. కాయలు తొక్కుతున్నానని మామ కేకలేశాడు.

కళ్లంలో బల్ల ఎక్కడిది? కాయలు తొక్కి కుట్టిన టిక్కీ బస్తాను దొర్లించి, దాని మీద లాప్‌టాప్ పెట్టాను. పల్నాటివాడికి తప్ప మరొకడికి రాని ఆలోచన అది. మోడెం ఊడకుండా పట్టుకుని పక్కనే గొంతుక్కూర్చున్నాను. ఇంటర్వ్యూ మొదలైంది. లాప్‌టాప్ వేడెక్కి ఫ్యాను తిరిగింది. కిందున్న బస్తాలోని ఘాటంతా పీల్చి పక్కకు ఊదసాగింది. నా కళ్లు కుండపోత. తుమ్మకూడదు, చెయ్యి తీయకూడదు. పగవాడికి కూడా వద్దు ఆ యోగాసనం.

"ఈ ఉద్యోగం ఎందుకు కావాలనుకుంటున్నారు?" అని తెరలో ఉన్నాయన అడిగాడు.

"ఎమ్మెస్సీ చేశానండి. పెళ్లయ్యాక లెక్కల జోలికే పోలేదు. అంతా మర్చిపోతానేమోనని భయంగా ఉందండి" అంది సుజాత. కళ్లు నిండి నీళ్లు చెంపల మీదకు కారాయి.

కారం ఆమెకు కూడా పట్టింది, కొంప మునిగింది అనుకున్నాను.

కానీ ఉద్యోగం వచ్చింది. ఇక నేను ఊరుకుంటానా? ఇంటికొచ్చిన ప్రతివాడికీ, మిరపకాయ కన్నీళ్లు చూసి వాళ్లు కరిగిపోయారని కథగా చెప్పాను. "ఇంతకీ టిక్కీ మీద పెట్టింది ఎవరు?" అని సుజాత ముందు కాలరెగరేశాను.

ఆమె నా వైపు తిరిగి నెమ్మదిగా అంది. "ఫ్యాను గాలి నీ మొహాన కొట్టింది బావా. నా కళ్లల్లో కారమెక్కడ పడింది?"

ఆ మోడెం ఏమనుకుంటోందో కనుక్కోవడానికి పూటంతా తంటాలు పడ్డవాణ్ని, పక్కనున్న మనిషిని ఒక్కసారీ అడగలేదు. చానా సిగ్గేసింది.

అందుకే సభాముఖంగా ఒట్టేస్తున్నాను. ఆమెకేం కావాలో అడగకుండా ఇకమీదట ఆమె లాప్‌టాప్ మూత ఎత్తితే, మామ కళ్లంలో ఉన్న కాయలన్నీ దంచి నా కళ్లల్లోనే పొయ్యండి.