అత్త కుడి చేయి

మొన్న సోమవారం మడకశిరలో రవికెకు కొలతలిస్తున్నాను. దర్జీ టేపు నా మోచేతి పైన చుట్టగానే ఊపిరి బిగబట్టాను. "ఏమమ్మా, సూది కాదు, టేపే" అని నవ్వినాడు. అతనికేం తెలుసు? పదిహేనేళ్ళ కిందట నెల రోజులపాటు నేను రోజూ మా అత్త చేతికి సరిగ్గా అక్కడే టేపు చుట్టాను.

ఆ చేయి నాకు బాగా తెలిసిన చేయి. పద్దెనిమిదేళ్ళకు కాపురానికి వచ్చిన ఇరవై మూడో రోజున, పాలు పొంగించానని, రాగి సంగటి కెలికే కట్టెతో కొట్టింది. అడ్డం పెట్టిన ఎడమ చిటికెన వేలు ఇప్పటికీ చక్కగా చాపుకోలేను. ఇత్తడి చెంబుతో కొడితే కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. ముప్పై ఒక్క ఏళ్ళలో, తోయడాలూ జుట్టు పట్టి ఈడ్చడాలూ కలపకుండా, నూట ఏడు దెబ్బలు. మా ఆయన ఆ సమయానికి ఎప్పుడూ గొర్రెల దగ్గరే ఉండేవాడు. గొర్రెలకు అంత కాపలా అవసరమని నేను అంతకుముందు ఎరగను.

అత్తకు అరవై ఎనిమిదో ఏట రొమ్ము క్యాన్సరొచ్చింది. పెద్దాసుపత్రిలో కుడి రొమ్మూ చంకలోని గడ్డలూ తీసేశారు. చేయి వాచి భుజం దాటి లేవకుండా పోయింది. అప్పుడొచ్చింది ఆక్యుపేషనల్ థెరపిస్టు అనే సన్నటి పాప. మందులివ్వదు, కోయదు; రోజూ చేసుకునే పనులు మళ్ళీ చేయించడమే ఆమె వైద్యం. మంచం అంచున కూర్చుని, "ఇంటికి పోయినాక ముందుగా ఏ పని చేసుకోవాలని ఉండాది అవ్వా?" అని అడిగింది. తల దువ్వుకోవడమో కొంగు సర్దుకోవడమో చెబుతుందనుకున్నాను. "సంగటి కెలకల్ల" అంది అత్త. పాప మురిసిపోయి కాగితం మీద రాసుకుంది. నా వీపు దానంతట అదే బిగుసుకుంది.

వేళ్ళతో గోడ మీద పాకుతూ చేయి ఎత్తాలి, పూటకు పదిసార్లు. చేతిని మెల్లగా పైకి నిమరాలి, టేపుతో వాపు కొలిచి రాయాలి. దగ్గరుండి చేయించాల్సింది నేను. మొదటి పదకొండు రోజులు నేనేమీ చేయించలేదు. కాగితంలో మాత్రం "పది, పది" అని రాసి, వాపు రోజుకింత తగ్గినట్టు వేసుకుంటూ పోయాను. నా జన్మలో రాసిన దొంగలెక్క అదొక్కటే. పన్నెండో రోజు ఆసుపత్రిలో ఆ పాప కొలిస్తే తగ్గాల్సిన వాపు రెండు సెంటీమీటర్లు పెరిగి ఉంది. కాగితాన్ని చూసింది, చేతిని చూసింది, నన్ను చూసింది.

"నేనే చేయనంటి పాపా," అంది అత్త. "నువ్వు తిడతావని ఆయమ్మ అట్ల రాసింది."

తిరుగు బస్సులో అత్త, "చేయొస్తే మళ్ళా కొడతానని కదా నీ భయం?" అంది.

"అవును."

"కొడతానో లేదో నాకే తెలీదు. వచ్చినాక చూద్దాం."

జాలి మాటకన్నా ఆ మాట నమ్మదగినదిగా తోచింది. మరునాటి నుంచి నిజంగానే చేయించాను. ఏడ్చింది, నా పుట్టింటిని ఏడు తరాల దాకా తిట్టింది. తొమ్మిది ఎత్తి పది అంటే నేను ఒప్పుకోలేదు. వాపు దిగింది. వేళ్ళు గోడ మీద తలకన్నా జానెడు పైకి పాకాయి.

ఆరో వారం శుక్రవారం సంగటికి కూర్చుంది. నేను గుడ్డతో కుండ పట్టుకున్నాను. చెమటలు కారుతుండగా కెలికింది. "అత్తా, అడుగంటుతాంది" అన్నాను.

"నాకు చెప్పేదానివైనావా!"

కట్టె తల పైకి లేచింది. భుజం ఎక్కడా పట్టలేదు, మోచేయి పూర్తిగా సాగింది. అది చూస్తుండగానే నా మెడ మీద దెబ్బ పడింది. ఉడుకు సంగటి చర్మానికి అంటుకుని కాలింది. రెండోసారి ఎత్తబోయేసరికి కట్టె పట్టుకున్నాను. ఆమె వదల్లేదు. నేను తిరిగి రప్పించిన పట్టే అది, గట్టిగానే ఉంది. ఇద్దరం పెనుగులాడాం, కుండ దొర్లింది, ఆమె గోరు నా మణికట్టు చీల్చింది. చివరికి కట్టె లాక్కుని పొయ్యిలోకి తోశాను.

"ఇంక దేంతో కెలుకుతావే?" అని అరిచింది.

"కెలకను. ఈ పొద్దుకు ఉండేది తిను."

కుండలో మిగిలిన పచ్చిపిండి ముద్దలు ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. మరునాడు పొద్దున మెడకు వెన్న రాసుకుని, ఆమెను గోడ దగ్గర నిలబెట్టి పదిసార్లు ఎత్తించాను. ఇంకా నాలుగేళ్ళు బతికింది. తన తల తనే దువ్వుకుంది. నా మీద చేయి మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళ దెబ్బలను రోజులతో సహా లెక్కపెట్టిన దాన్ని, ఆ కట్టె కాలడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం చూసుకోలేదు.